పదవి - పతనము - ప్రపత్తి

భద్రాద్రి రాముని పాదములను సేవించి, పాపికొండల నడుమ దారి చేసికొని, రాజమహేంద్రవరమును దాటి వచ్చిన గోదావరి ధవళేశ్వరమునకు దిగువను పాయలుగా చీలి సముద్రునిలో లీనమగుచున్నది. సప్తర్షుల పేరిట పెద్దలు కొనియాడిన ఆ పాయలలో గౌతమి ఒకటి. గౌతమి ఒడ్డున, కోరంగి పాయ వేరుపడు తావున, యానాం అను చిన్న పట్టణము కలదు. నలుప్రక్కల ఆంధ్రదేశమే యైనను పరిపాలనకు అది పుదుచ్చేరికి చెందినది. మీసాల వెంకన్న యని ప్రజలు ప్రేమతో పిలుచుకొను శ్రీవేంకటేశ్వరస్వామి అచ్చట కొలువై యున్నాడు.

స్వామిసేవ ముగించుకొని ఏటిగట్టున నిలిచిన యాత్రికునకు ఒక సంగతి తలపునకు రాక మానదు. ఈ నీటిపై ఎన్ని జెండాల నీడలు పడినవి! 1723లో ఫ్రెంచి వర్తకులు ఇచ్చట కోఠీ పెట్టిరి. కొలదికాలములోనే దానిని విడిచిపోయి, 1731లో మరల వచ్చి స్థిరపడిరి. ఆంగ్లేయులు దీనిని పలుమారులు పట్టుకొనిరి, పలుమారులు తిరిగి యిచ్చిరి. 1954 జూన్ 13వ నాడు యానాములో ఫ్రెంచి జెండా దిగి మన జెండా ఎగిరినది. జెండాలు ఎక్కినవి, దిగినవి. గౌతమి మాత్రము ఏ జెండాను గుర్తుంచుకొనలేదు.

ఎక్కినది దిగక తప్పదని అందరికిని తెలియును. పదవులు శాశ్వతములు కావను మాట వినని వాడు లేడు. కాని దిగవలసిన దినము వచ్చినపుడు మానవుని చేతిలో మిగులునది ఏమి? ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము ముందుగా సిద్ధపరచుకొన్నవారు బహుకొద్దిమంది. ఒకప్పుడు ఈ గోదావరీతీరమంతటిని ఫ్రెంచివారి చేతికి రప్పించిన అధికారి యొకడు ఆ ప్రశ్నముందు ఎట్లు నిలిచెనో, అదే గోదావరికి ఎగువను మరియొక అధికారి ఎట్లు నిలిచెనో పరిశీలించుట సంసారులకు, ముఖ్యముగా ఏదో యొక అధికారము వహించినవారికి, ఎంతయు అవసరము.

వర్తకుడు రాజైన వైనము

జోసెఫ్ ఫ్రాన్స్వా డూప్లే 1697లో ఫ్రాన్సుదేశమున జన్మించెను. 1722లో పుదుచ్చేరికి వచ్చి ఫ్రెంచి వర్తకసంఘపు ఆలోచనసభలో సభ్యుడయ్యెను. 1731లో వంగదేశమున చంద్రనగరమునకు అధికారియై, సోమరిగా పడియున్న ఆ రేవును ఓడలతోను సరకులతోను కళకళలాడించెను. 1742లో భారతదేశమునందలి ఫ్రెంచి స్థావరములన్నిటికిని గవర్నరు పదవి అతనిని వరించినది. బుద్ధిసూక్ష్మత, పట్టుదల, పరిశ్రమ - ఈ మూడును అతనియందు నిండుగా ఉండెను. శత్రువులు సైతము ఈ గుణములను కాదనలేదు. ఎదుగుదల అంతయు పాపఫలమని తలచుట పొరపాటు. ఎక్కుటకు ఆధారమైనవి పెక్కుమారులు సుగుణములే. అవి తనవే యని తలచిన క్షణమున చిక్కు ఆరంభమగును.

1746లో ఫ్రెంచి నౌకాసేనాని లాబూర్డొనే ఆంగ్లేయుల చెన్నపట్టణమును పట్టుకొనెను. సొమ్ము పుచ్చుకొని పట్టణమును తిరిగి యిచ్చివేయుదునని అతడు ఒప్పందము చేసికొనగా, డూప్లే దానికి సమ్మతింపలేదు. ఇద్దరి నడుమ వైరము పెరిగినది. స్వదేశమునకు ఫిర్యాదులు పోయినవి. లాబూర్డొనే ఫ్రాన్సు చేరిన పిదప బాస్టిలు చెరసాలలో పడి, ఏండ్ల తరబడి క్రుంగి, 1751లో నిర్దోషియని విడుదల పొంది, రెండేండ్లకే మరణించెను. తాను వ్రాసిన ఉత్తరములు ఓడనెక్కి సముద్రము దాటిపోయి ఒక మనుష్యుని ఏమి చేసెనో డూప్లే తలచుకొన్నాడో లేదో! అట్టి ఉత్తరములే యొకనాడు తన మీదను పోవునని మాత్రము ఆనాడు తలచియుండడు.

అదే 1746లో అడయారు ఒడ్డున కొద్దివందల ఫ్రెంచి సైన్యము ఆర్కాటు నవాబు పెద్దసేనను పారద్రోలెను. ఆ విజయము డూప్లే కన్నులయెదుట క్రొత్తదారి తెరచినది. వర్తకముకంటె రాజ్యము లాభకరమని అతనికి తోచెను. 1748లో నిజాముల్ముల్కు మరణించి వారసుల నడుమ కలహము పుట్టగా, అతడు ముజఫర్ జంగునకు దక్కనును, చందా సాహెబునకు ఆర్కాటును ఇప్పింతునని పూనుకొనెను. 1749లో అంబూరుకడ పాత నవాబు కూలెను. 1750 డిసెంబరులో నాసిర్ జంగు తన పక్షమువారి ద్రోహమునకే గురియై హతుడయ్యెను. ముజఫర్ జంగు పుదుచ్చేరికి వచ్చి మహాదర్బారు తీర్చెను. నవాబుల వేషము దాల్చిన డూప్లేకు కృష్ణకు దక్షిణమునగల దేశముపై అధికారము ఒసగబడినది. తూకపురాళ్లతో వచ్చిన వర్తకుడు సింహాసనములను పంచిపెట్టువాడయ్యెను. తన గెలుపునకు గుర్తుగా తన పేరిట ఒక పట్టణమును, ఒక జయస్తంభమును నిలుపబూనెను.

ముజఫర్ జంగు రెండు నెలలైనను రాజ్యము చేయలేదు. 1751 ఫిబ్రవరిలో, హైదరాబాదు త్రోవలో, రాయలసీమలోనే యుద్ధమున చచ్చెను. ఫ్రెంచి సేనాని బుస్సీ వెంటనే సలాబత్ జంగును నిలబెట్టెను. ఆ మేలునకు బదులుగా, సైన్యపు వ్యయములకై, సలాబత్ జంగు 1753లో ముస్తఫానగరము, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము అను నాలుగు సర్కారులను ఫ్రెంచివారికి వ్రాసి యిచ్చెను. యానాం చుట్టునుగల పైరుభూములు, కోనసీమ తోటలు, గౌతమీ వసిష్ఠల లంకలు - వీని శిస్తంతయు ఒక కాగితముతో వారి పాలబడినది. నాగలి పట్టిన రైతును ఎవ్వరును అడుగలేదు. అతని పాలిటికి శిస్తు పుచ్చుకొను చేయి మారినది, శిస్తు మారలేదు.

నహుషుని పల్లకి

ఇట్టి కథ మన పురాణములకు క్రొత్తది కాదు. మహాభారతమున నహుషుని వృత్తాంతము ప్రసిద్ధము. వృత్రవధానంతరము ఇంద్రుడు పదవి విడిచి దాగియుండగా, దేవతలును ఋషులును ధర్మాత్ముడని యెంచి నహుషుని స్వర్గాధిపతిని చేసిరి. తాను అడిగి తెచ్చుకొన్న పదవి కాదది. ఎవరిని చూచిన వారి తేజము నీలో చేరునని వరము నొసగిరి. మొదట అతడు బాగుగనే పాలించెను. కాని ఎదుట నిలిచిన ప్రతివాని తేజమును తనలోనికి లాగుకొనువానికి ఇక ఎదురు చెప్పువాడు ఎవ్వడు? చెప్పువారు లేని చెవి చెడుటకు ఎంతయో కాలము పట్టదు. శచీదేవిని కోరెను. మహర్షులచే పల్లకి మోయించుకొనెను. త్వరగా నడువుమని అగస్త్యుని కాలితో తన్నెను. ఆ క్షణమున స్వర్గము నుండి కొండచిలువయై నేలబడెను.

ఇచ్చట గమనింపదగినది యొకటి కలదు. నహుషుడు పడినది తన్నిన దినముననే కాదు. ఋషుల భుజములపై పల్లకి ఎక్కిన దినముననే అతడు పడెను. తన్నుట ఆ పాటు కంటికి కనబడిన ముహూర్తము మాత్రమే.

డూప్లే విషయమునను అట్టి గుర్తులు ముందుగనే కనబడినవి. 1748లో పుదుచ్చేరిలోని వేదపురీశ్వరాలయము కూల్చబడినది. డూప్లేకు దుబాసిగా నుండిన ఆనందరంగ పిళ్లై ఆ సంగతిని తన దినచర్యలో వేదనతో వ్రాసికొనెను. తమిళమున దినచర్య వ్రాసిన ఈ పిళ్లై తెలుగుకవులకును ఆశ్రయమిచ్చినవాడు. కస్తూరి రంగకవి 'ఆనందరంగరాట్ఛందము'ను అతని పేరనే రచించెను. ప్రభువు దయకు పాత్రుడై, ప్రతిదినము అతనితో మాటలాడు చనవుగల వాడయ్యును, పిళ్లై ఆ పనిని ఆపలేకపోయెను. భక్తులు తరువాత వేరొకచోట వేదపురీశ్వరునకు ఆలయము నిర్మించుకొనిరి.

ఆలయము పడగొట్టినందుననే అతడు పడెనని చెప్పి సంతోషించుట సులభము. కాని భగవంతుని లెక్కలపుస్తకము మానవుడు చదువదగినది కాదు. ఆలయములు కూల్చినవారు కొందరు సుఖముగా కన్నుమూసినట్లును, కట్టించినవారు కొందరు కష్టములపాలైనట్లును చరిత్ర చెప్పుచున్నది. నిశ్చయముగా చెప్పదగినది ఇంతమాత్రమే: ఎదుటివాని మ్రొక్కు తనకు అడ్డమని తోచినపుడు, అధికారి తన పల్లకిని ఎవరి భుజములపై పెట్టినాడో చూచుకొనవలెను.

శ్రీరంగ ప్రాకారముల నడుమ

వైష్ణవుల మనస్సును తాకు ఘట్టము ఈ కథలో ఒకటి కలదు. 1751లో క్లైవు ఆర్కాటును పట్టుకొనుటతో గాలి మారినది. తిరుచిరాపల్లిని ముట్టడించుచున్న ఫ్రెంచి సైన్యమును, చందా సాహెబు బలగమును వెనుదీసి శ్రీరంగద్వీపమున చొచ్చినవి. ఒకవంక కావేరి, ఒకవంక కొల్లిడము, నడుమ శ్రీరంగనాథుని సప్తప్రాకారములు, జంబుకేశ్వరుని గోడలు. అంతకంటె దిట్టమైన కోట ఏది యని వారు తలచిరి. 1752 జూనులో ఆహారము లేక, దారి లేక, ఆ సైన్యము లొంగిపోయెను. చందా సాహెబు తంజావూరు సేనాని మాట నమ్మి అతని చేతికి చిక్కి శిరస్సు కోల్పోయెను.

లోకమున శరణాగతికి శ్రీరంగము పుట్టినిల్లు. భగవద్రామానుజులు అచ్చటనే ఉభయవిభూతినాథుని తిరువడులపై సమస్తము నుంచిరి. అదే స్థలమునకు ఈ సైనికులును శరణు కోరియే వచ్చిరి. కాని వారు ఆశ్రయించినది ప్రాకారములను. ప్రాకారముల లోపల శయనించి యున్న వానిని కాదు. రాతిగోడ శత్రువును కొంతదడవు ఆపును, ఆకలిని ఆపలేదు, భయమును అసలే ఆపలేదు.

ఇది ఆ సైనికుల కథయేనా? గుడికి పోయి గోడలను మాత్రమే ఆశ్రయించి వచ్చువారు ప్రతిదినము ఎందరు లేరు? పదవి కదలునపుడు క్షేత్రములు తిరిగి, కదలకుండునట్లు చేయుమని మ్రొక్కి, ఆ పదవిలో తాను చేసిన అన్యాయమును గూర్చి స్వామియెదుట నోరైనను విప్పని వాడు ప్రాకారమునే శరణు జొచ్చినాడు. గర్భగుడి యింకను దూరముననే యున్నది.

ఓడ తెచ్చిన ఉత్తరము

యుద్ధములు సాగినవి. ధనము నీరువలె పారినది. లాభములకై వర్తకము పెట్టుకొన్న ఫ్రెంచి సంఘమువారు ఈ రాజ్యములతో తమకేమి పని యని విసిగిరి. 1754 ఆగస్టులో గొడెహ్యూ అను అధికారి ఓడ దిగెను. డూప్లేకు అతడు పూర్వపరిచితుడు. తన స్థానమున కూర్చుండుటకే అతడు వచ్చెనని డూప్లే ఓడ వచ్చిన పిమ్మటనే ఎరిగెను. ఎదిరించినచో బంధింపుడను ఆజ్ఞయు గొడెహ్యూ వద్ద నుండెను. డూప్లే ఎదిరింపలేదు. ఆ అక్టోబరులోనే భార్యాసహితుడై ఓడనెక్కెను. పండ్రెండేండ్లు తన మాటకు తలయూచిన పట్టణమును మరల చూడలేదు.

ఫ్రాన్సు చేరిన పిదప అతని వ్యవహారము రాజ్యములను విడిచి లెక్కలలో చిక్కుకొనెను. యుద్ధములకై తన సొంతధనము వెచ్చించితినని, అది సంఘము తనకు బాకీయని అతడు వాదించెను. సంఘము ఒప్పుకొనలేదు. అతడు వ్యాజ్యము వేసెను, సుదీర్ఘముగా విజ్ఞాపనలు వ్రాసి ప్రకటించెను. 1756లో భార్య గతించెను. అప్పులు పెరిగినవి. కడవరకు ఆ బాకీ తీరలేదు. 1763 నవంబరులో ఋణబాధలతోనే అతడు కన్నుమూసెను. అతని వాదములో కొంత న్యాయము లేకపోలేదని చరిత్రకారులు చెప్పుదురు. న్యాయము కొంత తనవైపు ఉండుటయే పడినవానికి మిక్కిలి దుస్సహమైన బాధ. పూర్తిగా తప్పు చేసితినని ఎరిగినవాడు పశ్చాత్తాపపడవచ్చును. సగము న్యాయము గలవాడు మిగిలిన సగమును ఎన్నడును చూడడు.

ఈలోపల గోదావరీతీరమునను అతడు సంపాదించినది నిలువలేదు. 1758 డిసెంబరులో పిఠాపురమునకు చేరువ చందుర్తికడ ఆంగ్లేయులును, విజయనగరపు ఆనందగజపతియును ఫ్రెంచివారిని ఓడించిరి. 1759 ఏప్రిలులో మచిలీపట్టణము పోయినది. నాలుగు సర్కారులు వ్రాసి యిచ్చిన కాగితము ఆరేండ్లకే చిత్తుకాగితమయ్యెను. పుదుచ్చేరిలో ఆనందరంగ పిళ్లై పదవియు 1756లో పోయినది. 1761 జనవరిలో ఆ పట్టణము ఆంగ్లేయులకు లొంగుటకు నాలుగు దినములు ముందు అతడు పరమపదించెను. డూప్లే అనంతరము కొన్నాళ్లకు సేనానియై వచ్చిన లాలీ పుదుచ్చేరిని పోగొట్టి, ద్రోహియను నిందతో 1766లో పారిసునగరమున శిరచ్ఛేదమునకు గురియయ్యెను.

గెలిచినవాడైనను సుఖపడెనా? డూప్లే ఆశలకు గండికొట్టిన క్లైవు అపారధనముతో ఇంగ్లాండు చేరెను. 1773లో అక్కడి శాసనసభ అతని ఆర్జనపై విచారణ జరిపినది. మరుసటి యేడు నవంబరులో అతడు తన చేతులారనే ప్రాణము తీసికొనెనని ప్రతీతి. ఓడినవాడు బాకీకై ఏడ్చెను, గెలిచినవాడు మిగులును మోయలేకపోయెను. ఇక ఈ ఆటలో గెలుపన నేమి?

ఒకే నదిపై రెండు లెక్కలు

యానాం నుండి ఏటికి ఎదురుగా పోయినచో భద్రాచలము వచ్చును. డూప్లే పుట్టుటకు కొన్ని యేండ్లు ముందు, అబుల్ హసన్ తానీషా గోలకొండ నేలుచుండగా, కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీలుదారుగా నుండెను. అక్కన్న మాదన్నలు అతని మేనమామలు. అతనిదియు అధికారమే, అతని చేతిలోనిదియు శిస్తుసొమ్మే. ఆ సొమ్ముతో రామునకు ఆలయము కట్టించెనని నేరము మోపి తానీషా అతనిని గోలకొండ చెరలో నుంచెను. ఆ చెరసాలను యాత్రికులు నేటికిని దర్శించుచున్నారు.

ఇచ్చటను వివాదము లెక్కలదే! సర్కారు సొమ్ము ఎవరిది? ఎవరు చెల్లింపవలెను? కాని చెరలోని గోపన్న తన విజ్ఞాపనలను ఏ దర్బారునకును పంపలేదు. రామునకే పంపెను. వేడుకొనెను, నిష్ఠురములాడెను, సీతమ్మను సిఫారసు చేయుమని బ్రతిమాలెను, అలిగెను, అలిగినందులకు మన్నింపుమనెను. తన లెక్కను తన ప్రభువు లెక్కలో కలిపివేసెను. రామలక్ష్మణులు సేవకుల వేషమున వచ్చి తానీషాకు ఆరులక్షలును చెల్లించి రసీదు పుచ్చుకొనిరని భక్తులు చెప్పుకొందురు. గోపన్న తహసీలుదారుగా పడెను, రామదాసుగా లేచెను.

అతనిని చెరపెట్టిన రాజ్యము సంగతి ఏమాయెను? 1686లో అక్కన్న మాదన్నలు గోలకొండ వీధిలో హతులైరి. 1687లో కోట ఔరంగజేబు వశమయ్యెను. తానీషా దౌలతాబాదు కోటలో బందీగా శేషజీవితము గడపెను. చెరలో నుంచినవాడును చెరపాలయ్యెను. తహసీలుదారుల పట్టికలు ఏ చెదలు తినినవో తెలియదు. రామదాసు పాటలు మాత్రము ఇంటింట వినబడుచునే యున్నవి.

ఇద్దరు అధికారులు. ఇద్దరి మీదను నేరములు. ఇద్దరికిని కొంత న్యాయము, కొంత అపరాధము. ఒకడు తొమ్మిదియేండ్లు మనుష్యులను బాకీ అడిగి నిరాశతో పోయెను. ఒకడు తానే భగవంతునకు బాకీయని యెరిగి ఋణవిముక్తుడయ్యెను. ఈ భేదమునే పూర్వాచార్యులు ప్రపత్తి యనిరి.

బలిచక్రవర్తి నేర్పిన పాఠము

ప్రపత్తికి ఆరు అంగములని పెద్దల నిర్ణయము. భగవంతునకు అనుకూలముగా నుందునను సంకల్పము, ప్రతికూలమైనది విడుచుట, అతడు రక్షించునను గట్టి విశ్వాసము, రక్షకుడవు కమ్మని వరించుట, తన నిస్సహాయతను ఒప్పుకొనుట, తన్ను తాను సమర్పించుకొనుట. వీనిలో అయిదవదైన కార్పణ్యము, అనగా తనవల్ల ఏమియు కాదని ఒప్పుకొనుట, పదవిలో నున్నవానికి అన్నిటికంటె కఠినము. ఎందుకనగా అతని వాకిట నిలిచిన ప్రతివాడును నీవల్లనే అగునని చెప్పుచుండును. ఆ మాటలు ఆగిపోయిన దినమునే లోకులు పతనమందురు. వైష్ణవదృష్టికి అది కార్పణ్యము అలవడుటకు దొరికిన అవకాశము.

శ్రీమద్భాగవతమున బలిచక్రవర్తి కథ ఇందులకే యున్నది. మూడులోకములు ఏలినవాడు, దానగుణసంపన్నుడు, మాట తప్పనివాడు. వామనుడు రెండడుగులతో సర్వమును కొలిచి, మూడవ యడుగునకు చోటు చూపుమనగా, వారుణపాశములతో బంధింపబడి నిలిచెను. అప్పుడు ప్రహ్లాదుడు వచ్చెను. మనుమని దుస్థితిని చూచి అతడు కన్నీరు పెట్టలేదు, స్వామిని నిందింపలేదు. ఇంద్రపదవి నిచ్చినవాడవు నీవే, తీసికొన్నవాడవు నీవే, ఇచ్చుట అందమే, ఆత్మను మరపింపజేయు సిరిని తొలగించుట మరింత అనుగ్రహమే యని విన్నవించెను. బలి అప్పటికే తన శిరస్సుననే మూడవ పాదమునకు చోటు చూపియుండెను. స్వామి అతనికి సుతలము నొసగి తానే వాకిలి కాచెను. మూడులోకములు పోయినవి, ముల్లోకనాథుడు ద్వారపాలకుడై దొరకెను.

నహుషునకును తరుణోపాయము లేకపోలేదు. కొండచిలువయై అడవిలో పడియున్న అతడు ఎంతో కాలమునకు భీముని చుట్టుకొనగా, ధర్మరాజు వచ్చి అతని ప్రశ్నలకు ఉత్తరము లిచ్చి శాపవిముక్తుని గావించెను. పడినవాడు ఎంతటి అపరాధియైనను, అతనితో ధర్మము మాటలాడు ఒక ధర్మరాజు అవసరమని ఈ కథ చెప్పుచున్నది.

పడినవాని వాకిట

ఇక చివరకు విచారింపవలసినది పడినవానిని గూర్చి కాదు, చూచువారిని గూర్చి.

పదవిలో నున్ననాడు దండలతో వచ్చినవారే పదవి పోయిన నాడు వీథిలో ఎదురైన ముఖము త్రిప్పుకొందురు. ఊరిలో ఒక పెద్దమనిషి నింద మీద పడి పదవి కోల్పోయిన, ఆ సాయంకాలము అరుగుల మీద అతని కథయే పండుగ. చేసిన తప్పునకు శిక్ష పడవలసినదే. ధర్మాసనము చేయు పని అది, దానిని భక్తుడు అడ్డగింపరాదు. ప్రజల సొమ్ము తినినవాడు కక్కవలసినదే. కాని శిక్ష వేరు, ఆ శిక్షను చూచి ఆనందించుట వేరు. మొదటిది ధర్మము, రెండవది రుచి. ఈ రుచి మరగినవాడు మరియొకని పతనమునకై ఎదురుచూచుచుండును. అట్టి హృదయమున శ్రీనివాసునకు చోటు లేదు.

పడినవాని యింటిలో భార్య యుండును, బిడ్డ లుందురు, ముసలితల్లి యుండును. ఆ యింటికి పోయి క్షేమమడిగి, ఒకపూట కూర్చుండి వచ్చుటకు చట్టము అడ్డురాదు. స్వామి ప్రసాదము తెచ్చిన దినమున ఆ వాకిటనుగూడ ఒక పొట్లము ఇచ్చుట వైష్ణవలక్షణము. పదవిలో నున్ననాడు అతని తప్పును అతనియెదుట చెప్పిన ధైర్యవంతునకే పడిన తరువాత ఓదార్చు అర్హత పూర్తిగా కలుగును. నాడు నోరు మెదపక, నేడు నోరారా తిట్టువాడు రెండుమారులును స్నేహధర్మము తప్పినవాడే.

పదవిలో నున్నవాడు గృహస్థుడు మాత్రమే కావచ్చును, పంచాయతి పెద్ద కావచ్చును, కచ్చేరి అధికారి కావచ్చును, శాసనకర్త కావచ్చును. ప్రతిరాత్రి పరుండునపుడు అతడు మూడు ప్రశ్నలు తన్ను అడిగికొనవలెను. నేడు నా పల్లకి మోసినవారి భుజములను చూచితినా? నాకు ఎదురు చెప్పగలవాడు ఒక్కడైనను నాకడ మిగిలియున్నాడా? రేపు ఈ పదవి పోయినచో నేను ఎవరికి విజ్ఞాపన వ్రాయుదును? మూడవ ప్రశ్నకు స్వామి నామము తక్క మరియొక పేరు తోచినచో, ప్రపత్తి యింకను అలవడలేదని తెలిసికొనవలెను.

1870లో పుదుచ్చేరిలో డూప్లేకు ఒక విగ్రహము నిలిపిరి. బ్రతికియుండగా ఇవ్వని బాకీని దేశము విగ్రహరూపమున చెల్లించినట్లయ్యెను. సముద్రతీరమున ఆ విగ్రహము నేటికిని నిలిచియున్నది. త్రోవన పోవువారు చూచి పోవుదురు. భద్రాచలమున రామదాసునకు ఆయన కట్టించిన కోవెలయే గుర్తు. త్రోవన పోవువారు లోనికి పోయి మ్రొక్కి వత్తురు.

యానాం గట్టున ప్రొద్దు క్రుంకుచున్నపుడు మీసాల వెంకన్న కోవెలలో ఘంట మ్రోగును. భద్రాద్రి నుండి వచ్చిన జలమే ఆ గట్టును ఒరసికొని సముద్రమునకు పోవుచుండును. ఎగువనున్న దాసుని కథను, దిగువనున్న దొర కథను ఒకే నీరు మోసికొని పోవుచున్నది. రెంటిలో దేనిని దోసిట పట్టుకొనవలెనో యాత్రికుడే నిర్ణయించుకొనవలెను. ఎక్కించువాడును దించువాడును తానే యైన శ్రీవేంకటేశ్వరుడు, ఎక్కిననాడు వినయమును, దిగిననాడు విశ్వాసమును, ఇతరులు దిగుట చూచిననాడు దయను అందరికిని అనుగ్రహించుగాక!